చెరుకు డాక్టరమ్మ

ఆదివారం పొద్దున సుమన ఇడ్లీ గిన్నె తోముతుండగా వాకిట్లో దగ్గు వినిపించింది. అది నర్సన్న దగ్గు. సుమన భర్త మల్లికార్జున్‌కు ఆయన కాక, తండ్రికి తమ్ముడు. పిలవకుండా ఒకరి ఇంట్లోకి రావడం నర్సన్నకు చేతకాదు. పిలిచేదాకా అట్లా దగ్గుతూనే ఉంటాడు. సుమన చేతుల నురగ చున్నీకి తుడుచుకుని బయటికొచ్చేసరికి, ఎప్పటిలాగే ఆయన చేతిలో నిలువెత్తు చెరుకు గడ ఉంది.

"డాక్టరమ్మా, జర సూడు. ఆకు పండుబారుతున్నది. మొన్నటి వానకా, ఇంకేమన్ననా?"

ఆమె గడను అరుగు మీద పెట్టి కత్తితో నిలువునా చీల్చింది. లోపల ఎరుపు. ఎరుపు మధ్యలో అడ్డంగా తెల్లటి మచ్చలు. ముక్కు దగ్గర పెట్టుకుంటే పులిసిన కల్లు వాసన.

"ఎర్రకుళ్ళే మామా. ఈ మోళ్ళు తవ్వి మంటల కాలవెట్టుండ్రి. ఈ మడి నీళ్ళు పక్క మడికి పారనీయకుండ్రి. వచ్చే పంటకు ఇక్కడి నుంచి విత్తనం మాత్రం తీయొద్దు."

"గంతేనా? మందేం లేదా?"

"ఉన్న తోటకు మందు లేదు."

"మా మల్లిగాడైతే రెండు డబ్బలు అంటగడుతుండె," అని నర్సన్న పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. "మంచిగ చెప్పినవ్ బిడ్డా. మంగళారం నీకు డాక్టరు పట్టా ఇస్తరట గద. ఊరోళ్ళమంత జీపు కట్టుకోని వస్తం. మా చెరుకు గురించి గంత పెద్ద సార్ల ముంగట ఏం చెప్తవో ఇనాలె."

ఆయన చాయ్ తాగి, చీల్చిన గడను అక్కడే వదిలి వెళ్ళిపోయాడు. సుమన దాన్ని అరుగు మీద పక్కకు జరిపింది. మంగళవారం యూనివర్సిటీలో ఆమె వైవా. పరీక్షకుల ముందు తన పరిశోధన చెప్పుకోవాలి. తలుపులు తెరిచే ఉంటాయి, ఎవరైనా వచ్చి వినవచ్చు. నర్సన్న జీపు దిగి, తువ్వాల దులుపుకుని ముందు వరసలో కూర్చుంటాడు. కూర్చున్నాక ఆ గదిలో చెరుకు అన్న మాట ఒక్కసారి కూడా వినబడదు.

ఎందుకంటే సుమన చదివింది చెరుకు గురించి కాదు.

ఆమె చదివింది హెర్పిస్ అనే వైరస్‌కు టీకా గురించి. పెదవి అంచున పొక్కుగానో, నడుము కింద చెప్పుకోలేని చోట పుండుగానో లేచే వైరస్ అది. కొన్నాళ్ళు మండి మానిపోతుంది. మానడమంటే పోవడం కాదు. నరం మొదట్లో ఒక ముడి ఉంటుంది, అందులో ముడుచుకుని పడుకుంటుంది. జ్వరమొచ్చినా, నిద్ర చాలకపోయినా, మనసు నలిగినా లేచి, దిగిపోయిన దారినే మళ్ళీ పైకెక్కుతుంది. మనిషి బతికినంత కాలం అదే వరస. దానికి టీకా ఇంకా ఎక్కడా లేదు. సుమన గైడ్ భాస్కర్ సార్ నమ్ముకున్నది డీఎన్ఏ టీకాను. వైరస్‌ను కాకుండా, వైరస్ తొడుక్కునే చొక్కాకు ఒక గుండీ ఎట్లా చేయాలో చెప్పే రాతను మాత్రమే ఒంట్లోకి పంపుతారు. కణం ఆ రాత చదివి గుండీ తయారుచేస్తుంది. ఒళ్ళు ఆ గుండీని గుర్తుపెట్టుకుంటుంది. రేపు అసలు దొంగ ఆ చొక్కాతో వస్తే గల్లా పట్టుకుంటుంది. ఆలోచన బాగానే ఉంది, చిక్కల్లా ఆ రాత కణం లోపలికి పోదు. పిలిచేవాళ్ళు లేక, నర్సన్నలా, వాకిట్లోనే నిలబడిపోతుంది. పిలవకపోయినా లోపలికి పోయే విద్య వైరస్‌లకే తెలుసు. అందుకని జలుబు తెచ్చే వైరస్ ఒకదాన్ని పట్టుకుని, దాని పెరిగే శక్తి తీసేసి, ఆ ఖాళీలో ఈ రాతను పెట్టి పంపారు. దాన్నే వెక్టర్ అంటారు. ముందు ఉత్త డీఎన్ఏ, కొన్ని వారాలకు వెక్టర్ మీద అదే డీఎన్ఏ. ముందుది పరిచయం, తర్వాతది చనువు. డీఎన్ఏ ఒక్కటే తీసుకున్న ఎలుకలకు పుండ్లు లేచాయి. రెండూ తీసుకున్నవాటిలో చాలావాటికి లేవలేదు. హైదరాబాద్ ల్యాబులో మొదటిసారి అది చూసిన రోజు సుమన ఎవరికీ చెప్పకుండా క్యాంటీన్‌కు పోయి, తన ఒక్కదాని కోసం డబల్ కా మీఠా తెచ్చుకుని తిన్నది.

వెక్టర్ గురించి మొదటిసారి చదివినప్పుడు ఆమెకు కొత్తగా అనిపించలేదు. పెరిగే శక్తి తీసేసి, మోసే శక్తి మాత్రం ఉంచుతారు. ఎవరిదో రాత నింపి ఒక ఇంట్లోకి పంపుతారు. చదువుతూ చదువుతూ ఆమె పుస్తకం మూసి, పొయ్యి మీద పప్పు పొంగుతుంటే లేచి వెళ్ళింది. ఇందులో ఏడవడానికేమీ లేదు. సుమన ఏడ్చే మనిషి కాదు. తన రోజులో తనకిష్టమైన చోట్లు ఆమెకు చాలా ఉన్నాయి. బోధన్ నుంచి నిజామాబాద్ పోయే బస్సులో ఎడమవైపు కిటికీ, కాలువ గట్టు మీద కొంగలు, ల్యాబులో ఇంక్యుబేటర్ చేసే సన్నటి రొద. ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పి, మధ్యాహ్నం యూనివర్సిటీకి పోయి, సాయంత్రం వచ్చి రాత్రి కూర చేసేది. ఎలుకల పనికి హైదరాబాద్ పోవాల్సిన వారాల్లో, మూడు పూటల కూరలు ముందే వండి ఫ్రిజ్‌లో పెట్టి, ఏ డబ్బాలో ఏముందో భర్తకు ఫోన్‌లో చెబుతూ బస్సెక్కేది. ల్యాబుకు పెద్దవాళ్ళెవరైనా వస్తే భాస్కర్ సార్, "సుమనా, బొకే, సమోసాల సంగతి జర చూడమ్మా," అనేవాడు. పక్కనే ఉన్న మగ స్కాలర్లకు సమోసాలు ఎక్కడ దొరుకుతాయో తెలియదని ఆయన నమ్మకం. కాలేజీలో సుఖరోగాల పాఠం వచ్చినప్పుడు ప్రిన్సిపాల్, "ఆ ఒక్క పేజీ పిల్లల్ని ఇంటి దగ్గర చదువుకొమ్మనండి మేడమ్, మీరు లేడీస్ కదా," అన్నాడు. ఆమె నవ్వి, ఆ పేజీ క్లాసులోనే చెప్పింది. చెప్పినట్టు ఆయనకు మాత్రం చెప్పలేదు.

చెరుకు సంగతి మాక్లూర్‌లో మొదలైంది. పెళ్ళైన కొత్తలో అక్కడ చుట్టాలింట్లో ఒక ఒడిబియ్యం పండుగకు పోయారు. సుమన చాయ్ కప్పుల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. ఎవరో ముసలాయన, "కోడలు ఏం చదువుతున్నదిరా?" అని మల్లికార్జున్‌ను అడిగాడు. మల్లికార్జున్ ఒక్క క్షణం ఆమె వైపు చూసి, "చెరుకు రోగాల మీద కాక," అన్నాడు. అందరూ ఆమెను మెచ్చుకోలుగా చూశారు. పళ్ళెం బరువుగా ఉండింది. ఎవరో ఒక కప్పు తీసుకుంటే బాగుండుననుకుంటూ ఆమె ఊరుకుంది. ఆ సాయంత్రం బండి మీద వస్తుంటే మల్లికార్జున్ మెల్లగా, ప్రేమగానే, చున్నీ చక్రంలో పడకుండా చూసుకొమ్మని చెప్పినట్టే చెప్పాడు. "ఆ పేరు ఎవల్ల ముంగట తీయకు సుమా. ఆడిదానివి. గసొంటి రోగం మీద చదువుతున్న అంటే, నీకే ఉన్నదనుకుంటరు."

నీకే ఉన్నదనుకుంటరు. ఆ మాట అప్పుడు కాసేపు మండి మానిపోయింది. కానీ ఎక్కడో లోపల ఒక ముడి దగ్గర పడుకుంది. ల్యాబులో గ్లవ్స్ తొడుక్కునేటప్పుడు, స్టాఫ్ రూములో ఎవరైనా "మీ టాపిక్ ఏంటి మేడమ్?" అన్నప్పుడు, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండా బస్సులో కిటికీ పక్కన, లేచి వచ్చేది. చెంపలు వేడెక్కేవి. ఒంట్లో తెలియని చోట ఏదో ఉన్నట్టు, కడుక్కోవాలన్నట్టు అనిపించేది.

మల్లికార్జున్‌ది బోధన్‌లో ఎరువులు, పురుగు మందుల దుకాణం. అబద్ధం దుకాణానికి కలిసొచ్చింది. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చాలామంది వరికి మారినా, చెరుకు వదలని రైతులు ఇంకా ఉన్నారు. వాళ్ళు తెగులు పట్టిన గడలు మోసుకొచ్చేవాళ్ళు. మొదటి గడ ముందు సుమన నోరు పెగల్లేదు. రెండోది వచ్చేలోపు ఒక పుస్తకం తెప్పించుకుంది. ఇప్పుడు ఎర్రకుళ్ళు, కాటుక తెగులు, గడ్డి దుబ్బు తెగులు, అన్నీ చూడగానే చెప్పగలదు. అట్లా ఆమె రెండు పరిశోధనలు చేసింది. ఒకటి డిగ్రీకి, ఒకటి భర్త ఆడిన అబద్ధానికి. రెండోదానికి గైడ్ లేడు.

నర్సన్న వెళ్ళాక మల్లికార్జున్ ఇడ్లీ తింటూ ఫోన్ చూపించాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఫ్లెక్సుల బంటి పంపిండు. ఎట్లున్నది?"

ఫ్లెక్స్ నమూనా. రెండు పక్కలా చెరుకు తోట. మధ్యలో పాస్‌పోర్ట్ ఫోటోలోని సుమన, ముఖం తెల్లగా చేసి ఉంది. "చెరుకు పరిశోధనలో డాక్టరేట్ సాధించిన మా ఇంటి ఆడపడుచు" అని పెద్ద అక్షరాలు. కింద దుకాణం పేరు, ఫోన్ నంబరు.

"ఆడపడుచు కాదు, కోడలు," అంది సుమన.

"గది మారుస్త తియ్యి."

"చెరుకు కూడా కాదు కదా."

మల్లికార్జున్ ఇడ్లీని చట్నీలో ముంచి, మంచి మనసుతో నవ్వాడు. "యూనివర్సిటీ కాయితం మీద ఏమున్నదో ఎవడు సూస్తడు సుమా? ఫ్లెక్సైతే బస్టాండు కాడ అందరు సూస్తరు. మంగళారం నేనొక్కణ్ణి వస్త. కాకోళ్ళకు వద్దని నేను చెప్త, లోపలికి రానీయరని. పొద్దుమూకే లోపల నువ్వు సరే అని మెసేజ్ పెడ్తే బంటి ప్రింటు కొడ్తడు. నీ నంబర్‌కు గూడ పంపిండు."

చెప్పి, ఆమె తల మీద చేయి వేసి, దుకాణానికి పోయాడు. సంతోషంగానే పోయాడు. సుమనకు అదే కష్టమనిపించేది. తిట్టే మనిషైతే ఎదురు తిరగడానికి చోటుంటుంది. పళ్ళెంలో పెట్టి ప్రేమగా అందించిన అవమానాన్ని ఎటు నెట్టాలి?

కూతురు సింధూజ సిరికొండలో అమ్మమ్మ దగ్గరికి పోయింది కాబట్టి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. అత్త రేణుకమ్మ రెండ్రోజులుగా ఒంట్లో బాగాలేదని గదిలోనే పడుకుంటోంది. అడిగితే మోకాళ్ళంటుంది. ఏడాదిలో కొన్నిసార్లు ఆమెకట్లా మోకాళ్ళ నొప్పి, సన్నగా జ్వరం వస్తాయి. అప్పుడు తన బట్టలు ఎవర్నీ ముట్టనీయదు.

సుమన బట్టల బకెట్ తీసుకుని పెరటి బాత్రూముకు పోయింది. పాతకాలపు బాత్రూము అది. గోడకు కింది భాగాన, కూర్చుంటే కంటికెదురుగా, జాజుతో, అదే ఎర్రమట్టితో, గీసిన బొమ్మ ఒకటుంది. నాలుగు కాళ్ళు, ఒక తోక. మల్లికార్జున్ చిన్నప్పుడు గీసిన దూడ అని ఇంట్లో చెప్పుకుంటారు. సున్నం వేసిన ప్రతిసారీ రేణుకమ్మ ఆ బొమ్మను వదిలి వేయిస్తుంది. కొడుకు మీద తల్లి ప్రేమ అనుకునేవాళ్ళు. పక్కన గూట్లో జాజు ముద్ద ఉంటుంది, గడపలకు పూయడానికి. ఇవాళ అది తడిగా ఉంది. ఏ గడపకూ జాజు పూయలేదు. తీగ మీద, తువ్వాల చాటున ఆరేసిన అత్త లంగాకు లోపలివైపు ఎర్రటి మరకలు. రక్తం కాదు. జాజు.

సుమన బకెట్ కింద పెట్టింది. అక్కి లేస్తే కుమ్మరింటికి పోయి జాజు పూయించుకుని, వీపు మీద సింహం బొమ్మ గీయించుకోవడం ఆమె చిన్నప్పటినుంచి చూసిందే. సింహాన్ని చూసి అక్కి పారిపోతుందంటారు. కానీ ఇది వీపు కాదు. నిన్న అత్త నడిచిన తీరు గుర్తొచ్చింది. మోకాళ్ళు నొచ్చేవాళ్ళు అట్లా, కాళ్ళు ఎడంగా పెట్టి నడవరు. నీళ్ళు పోసుకునేటప్పుడు లోపలినుంచి వినిపించే బుస్సుమన్న శ్వాస. జ్వరం, మంట, కొన్నాళ్ళకు మానడం, మళ్ళీ రావడం. ఈ వర్ణన తను ఎన్ని పేపర్లలో చదివింది, ఎన్నిసార్లు తన చేత్తో రాసింది. ఎలుక కాలు ఎత్తి చూసే కళ్ళు, పక్కగదిలో మనిషిని చూడలేదు.

ఆమె గోరువెచ్చటి నీళ్ళు, మెత్తటి గుడ్డ తీసుకుని అత్త గదిలోకి పోయింది.

"అత్తమ్మా, మోకాళ్ళు కాదు కదా."

రేణుకమ్మ గోడవైపు తిరిగింది. దుప్పటి మీదికి లాక్కుంది. తర్వాత గోడతోనే అంది, "నీకేం తెలుస్తదే. నీది చెరుకు చదువు."

ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో సుమన మొదటిసారి ఆ మాట చెప్పింది. "నాది చెరుకు చదువు కాదు అత్తమ్మా. మీ కొడుకు అట్ల చెప్పిండు, నేను ఊకున్న. నేను చదివేది ఇగో, దీని మీదనే. మీకొచ్చేదాని మీద."

రేణుకమ్మ మెల్లగా ఇటు తిరిగింది. "గిట్లాంటిదాని మీద గూడ చదువుంటదా?"

"ఉంటది."

"పేరున్నదా దీనికి?"

"హెర్పిస్ అంటరు."

రేణుకమ్మ ఆ పేరును పెదవులతో ఒకసారి అనుకుని చూసింది. ఏళ్ళ తరబడి తన ఇంట్లో ఉన్నవాడి పేరు ఇవాళ తెలిసినట్టు. "నాకొక్కదానికే అనుకున్న," అంది. "మీ మామ చెరుకు లారీ మీద మహారాష్ట్ర దిక్కు పోయేటోడు. సీజనంత అటే ఉండేటోడు. ఒకపారి వచ్చినంక నాకిది లేచింది. చెప్తే, నువ్వే ఏదో మైల తొక్కినవ్, నీ ఒళ్ళే మంచిది గాదు అన్నడు. నిజమే కావచ్చనుకున్న. కుమ్మరి కాశయ్య కాడికి పోయిన. వీపు సూపమ్మా అన్నడు. వీపైతే సూపుదును."

"మరి?"

"మరేమున్నది. జాజు తెచ్చుకోని నేనే పూసుకున్న. సింహం లేకుంటె పోదాయె. నా ఒంటి మీద నేనెట్ల గీసుకుంట? బాత్రూంల గోడకు గీసిన, తానం చేస్తుంటె ఎదురుంగ ఉంటదని. నేనేమన్న సింహాన్ని సూసిన్నా? మా బర్రెదూడను సూసుకుంట గీసి, మీసాలు పెట్టిన. మా అత్తోళ్ళు సూసి, పిలగాడు దూడను గీసిండు అని మురిసిండ్రు. ఊకున్న."

సుమనకు నవ్వొచ్చింది. ఆపుకోబోయింది. రేణుకమ్మ ముఖంలో కూడా నవ్వు కదలడం చూసి, ఇద్దరూ నవ్వారు. నొప్పికి రేణుకమ్మ "అబ్బా" అంటూనే నవ్వింది.

"మరి నీ మందు నాకు పనికొస్తదా?"

"లేదు అత్తమ్మా. అది టీకా. ఇంకా ఎలుకల కాడనే ఉన్నది. మనుషుల దాకా వస్తదో రాదో కూడా తెలువదు. కానీ మీకు గోళీలున్నయి. పూర్తిగ పోదు గాని, మంట తొందరగ తగ్గుతది, మాటిమాటికి లేవకుంట చేస్తది. రేపు నిజామాబాద్ పోదాం. లేడీ డాక్టరే."

"ఎలుకలకు ఆగిందా?"

"చానావాటికి ఆగింది."

"అదృష్టమున్న ఎలుకలు," అంది రేణుకమ్మ. తర్వాత, "ఎట్ల ఆపినవ్?" అని అడిగింది.

ఇంతవరకు ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న అది. సుమన మంచం అంచున కూర్చుంది. గుండీ గురించి, వాకిట్లో నిలబడిపోయే రాత గురించి చెప్పింది. వెక్టర్ దగ్గరికొచ్చేసరికి కొంచెం ఆగి ఆలోచించింది. "జలుబు తెచ్చేది ఒకటుంటది కదా, దాన్ని లారీ అనుకోండ్రి. అది ఎక్కడికైనా చొరబడతది. దాంట్ల ఉన్న చెడ్డ సరుకు దించేసినం. మా సరుకు ఎక్కించి పంపినం. లారీ అదే, లోడ్ వేరే."

రేణుకమ్మ పైకప్పు వైపు చూస్తూ కాసేపు ఆలోచించింది. "మంచిగున్నది," అంది చివరికి. "లారీ మీద వచ్చింది లారీ మీదనే పోవాలె."

భాస్కర్ సార్ కూడా ఇన్నేళ్ళలో తన పనిని మంచిగున్నది అనలేదని సుమనకు తోచింది. అనలేదన్న బాధ కూడా లేదు. ఏదో నిండుగా, అన్నం తిన్నట్టుంది. వెచ్చటి నీళ్ళలో గుడ్డ పిండి అత్త చేతికిచ్చి, తలుపు దగ్గరికేసి బయటికొచ్చింది. వాకిట్లో నర్సన్న వదిలిన గడ ఎండకు ఇంకా ఎర్రబడుతోంది. దాన్ని తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టింది. తర్వాత మళ్ళీ అత్త గది తలుపు తట్టింది.

"అత్తమ్మా, మీ సింహాన్ని ఒక ఫోటో తీసుకోనా?"

"ఎందుకే?"

ఎందుకో చెప్పింది. లోపల మంచం కిర్రుమంది. వద్దంటే మానేద్దామనుకుంది సుమన. అది ఆమె సింహం. చివరికి లోపలినుంచి గొంతు వచ్చింది. "మీసాలు సరిగ్గ పడాలె సూడు."

సాయంత్రం మల్లికార్జున్ బండి వాకిట్లో ఆగిన తీరులోనే కబురు అందిందని తెలిసింది. ఫోన్ చేతిలో పట్టుకుని వచ్చాడు.

"సుమా, గిదేంది? బంటి ఫోన్ చేసిండు, మేడమ్ మొత్తం మార్పిచ్చిండ్రు అన్నడు."

ఫోన్‌లో కొత్త నమూనా. చెరుకు తోటలు లేవు. సుమన ముఖం తన రంగులో ఉంది. "హెర్పిస్ టీకా పరిశోధనకు డాక్టరేట్ అందుకోబోతున్న సుమన. మంగళవారం అందరూ వచ్చి వినండి" అని ఉంది. దుకాణం పేరు అట్లాగే ఉంచింది.

"బస్టాండు కాడ కడ్తే ఏమన్న ఉన్నదా? నేనప్పుడే చెప్పిన గద, నీకే ఉన్నదనుకుంటరు!"

ఆ మాట మళ్ళీ వచ్చింది. సుమన చెంపలు వేడెక్కుతాయని ఎదురుచూసింది. ఒళ్ళు దాన్ని గుర్తుపట్టింది, అంతే. మంట లేవలేదు.

"అనుకోనియ్యుండ్రి," అంది. "ఉన్నోళ్ళు వచ్చి నన్నడుగుతరు. చెప్త."

"మరి కాక? చెరుకు డాక్టరమ్మ అని ఊరంత..."

"మామకు రేపు పొద్దున్నే ఫోన్ చేసి నేనే చెప్త, జీపు కట్టుకోని రమ్మని. చెరుకు గూడ సూస్త, నేర్చుకున్న గద. కానీ అది మీ అబద్ధం కోసం నేర్చుకున్న. ఇది నాది."

ఆమె గొంతు పెంచలేదు. మల్లికార్జున్ మళ్ళీ ఫోన్ వైపు చూశాడు. కోపం తెచ్చుకోవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని ఫ్లెక్స్‌లో వెతికినట్టు వేలితో బొమ్మను పెద్దది చేశాడు. సుమన ఫోటో పక్కన జాజు రంగు నాలుగు కాళ్ళ జంతువు తెర నిండా వచ్చింది.

"ఇది మన బాత్రూంలది గదా?" అన్నాడు అయోమయంగా. "నేను చిన్నప్పుడు గీసిన దూడను దీంట్ల ఎందుకు పెట్టినవ్?"

గది తలుపు తెరుచుకుంది. రేణుకమ్మ ద్వారబంధం పట్టుకుని, ఎవరేమనుకుంటారన్న చింత లేకుండా కాళ్ళు ఎడంగా వేసుకుంటూ నాలుగడుగులు నడిచి వచ్చి, కొడుకు చేతిలోంచి ఫోన్ తీసుకుని, దూరంగా పట్టుకుని చూసుకుంది.

"గది నువ్వు గీయలె బిడ్డా, నేను గీసిన," అంది. "దూడ గాదు, సింహం. మీసాలు సూడు."